పాప బట్టీ మానాలంటే ఒక ఏటికొప్పాక బొంగరం కొనివ్వండి

మూడో తరగతి పాప లెక్కలు, ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) విడివిడిగా బట్టీ పడుతోందనీ, వర్క్‌షాపుల ఫీజులు భరించలేమనీ రాశారు కదండీ. ఆ ఫీజులు అక్కర్లేదు. ఏటికొప్పాక అనే ఊళ్లో లక్క రంగులద్ది చేసే చెక్క బొంగరం ఒకటి కొనండి.

ముందు తనివితీరా ఆడుకోనివ్వండి. తర్వాత ఇంట్లో గచ్చు మీద, చాప మీద, విశాఖ ఆర్కే బీచ్‌లో తడి ఇసుక మీద తిప్పించి, ఎంతసేపు తిరిగిందో ఫోన్‌లో చూసి తననే రాయమనండి. ఒక్కోచోట మూడేసి సార్లు తిప్పాలి. అంకెలెందుకు మారాయని తనే అడుగుతుంది. తీసివేతలు అక్కడే వచ్చేస్తాయి. బొంగరానికి దారం చుట్టి స్కేలు మీద పెడితే చుట్టుకొలత.

వీలు చూసుకుని, బొమ్మల పని జరిగే రోజు ముందే కనుక్కుని, ఎలమంచిలి దగ్గరున్న ఏటికొప్పాకకే తీసుకెళ్లండి. ఇది మాత్రం వదలకండి. యంత్రం మీద తిరుగుతున్న అంకుడు చెట్టు కర్రకు లక్క ఒత్తితే, రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. లక్క పురుగుల నుంచి వస్తుంది, రంగులు గింజలు, బెరడు, వేర్ల నుంచి. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. పనివాళ్లను పాపనే అడగనివ్వండి, మధ్యలో మీరు అందుకోవద్దు. ఇంటికొచ్చాక చూసినదంతా వరుసగా బొమ్మలేసి, కింద రెండేసి వాక్యాలు రాయమనండి. అక్షరదోషాలు ఆ రోజుకి దిద్దకండి.