ఏప్రిల్‌లో బండి బయటికి తీసే ముందు

షికాగో, డెట్రాయిట్, మిన్నియాపొలిస్ వైపు స్థిరపడ్డ మనవాళ్లు నవంబరులో గరాజ్‌లో పెట్టిన మోటార్‌సైకిల్‌ని మళ్లీ ఏప్రిల్‌లో బయటికి తీస్తారు. మన ఊళ్లలో ఏడాది పొడవునా బండి నడిపి వచ్చినవాళ్లకు ఇంత విరామం కొత్త. సెల్ఫ్ నొక్కగానే స్టార్టయితే అంతా బాగున్నట్టే అనుకుంటారు. బండి సంగతి ఒక పూటలో తేలిపోతుంది కానీ, నడిపే మనిషి చేతులకు పాత అలవాటు రావడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది.

ముందు బ్యాటరీ చూడండి. మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టుల పైన ఉండాలి. 12.4 అంటే సుమారు ముప్పావు వంతు చార్జ్ ఉన్నట్టు. 12 కంటే కింద చాలా రోజులు పడి ఉన్న బ్యాటరీ చార్జ్ చేసినా ఎక్కువ రోజులు నిలబడదు, కొత్తది కొనడమే మేలు. కారు బ్యాటరీల పెద్ద చార్జర్ వాడకండి, ఒక ఆంపియర్ దగ్గర ఇచ్చే చిన్న చార్జర్ చాలు. బిగించేటప్పుడు ముందు ప్లస్, తర్వాత మైనస్. ముందే మైనస్ బిగించేస్తే, ప్లస్ బిగించే స్పానర్ ఫ్రేముకు తగిలిందంటే షార్ట్ అవుతుంది. ఇంజిన్ కాస్త రేజ్ చేసినప్పుడు టెర్మినళ్ల మీద 13.5 నుంచి 14.5 వోల్టులు కనిపిస్తే చార్జింగ్ బాగున్నట్టే.

ఇక్కడి బంకుల్లో పోసే పెట్రోలులో సాధారణంగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమ పీల్చుకుంటుంది. పెట్రోలు పాడవకుండా కాపాడే స్టెబిలైజర్ కలపకుండా వదిలేసిన కార్బురేటర్ బండయితే ఫ్లోట్ బౌల్ (కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నె) అడుగున ఉండే స్క్రూ వదులు చేసి పాత పెట్రోలు పారపోయండి. చోక్ లాగితేనే నడుస్తూ, వదిలితే ఐడిల్‌లో ఆగిపోతోందంటే చాలావరకు పైలట్ జెట్‌కి (ఐడిల్‌లో పెట్రోలు అందించే సన్నటి రంధ్రానికి) బంక పట్టినట్టే. ఇంజెక్షన్ బండికి ఇంత బాధ ఉండదు, కొత్త పెట్రోలు పోస్తే సర్దుకుంటుంది. ఎయిర్ ఫిల్టర్ మూత కూడా ఒకసారి విప్పండి, చలికి ఎలుకలు గూడు పెట్టుకునే చోటు అదే.

టైర్లలో గాలి నెలకు దాదాపు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గినప్పుడల్లా ఇంకో పీఎస్ఐ పోతుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవండి. ఎంత పెట్టాలన్నది మాన్యువల్‌లోనో, బండి మీది స్టిక్కర్‌లోనో చూడాలి. టైరు పక్కన అచ్చేసిన అంకె గరిష్ఠ పరిమితి, అంత కొట్టించకూడదు. టైరు పక్కన ఉండే డాట్ (అమెరికా రవాణా శాఖ) కోడ్ చివర 2319 అని ఉంటే ఆ టైరు 2019లో 23వ వారం తయారైంది. పక్కల్లో సన్నటి పగుళ్లు కనిపిస్తే, గాడి ఎంత లోతున్నా మార్చేయండి.

బ్రేక్ లివర్ మెత్తగా, లోపలిదాకా వస్తోందంటే లైన్‌లో గాలి చేరి ఉండొచ్చు, బ్లీడ్ చేయించాలి, అంటే ఆ గాలి తీయించాలి. ఫ్లూయిడ్ మార్చి రెండేళ్లయితే ఎటూ మార్చాల్సిందే. డిస్క్ మీద పల్చటి తుప్పు నాలుగైదు సార్లు మెల్లగా బ్రేక్ వేస్తే పోతుంది. చైన్ శుభ్రం చేసేటప్పుడు ఇంజిన్ ఆన్‌లో పెట్టి చక్రం తిప్పకండి. గుడ్డ స్ప్రాకెట్‌లో చిక్కితే దాంతోపాటు వేళ్లూ పోతాయి. చక్రాన్ని చేత్తోనే తిప్పుకోండి.

చలికాలానికి ఇన్సూరెన్స్‌ని స్టోరేజీ కవరేజీకి (బండి గరాజ్‌లో ఉన్నంతకాలానికే పనికొచ్చేదానికి) మార్చుకున్నవాళ్లు రోడ్డెక్కే ముందే పూర్తి కవరేజీకి మార్పించుకోవాలి. ఇలినాయ్‌లో హెల్మెట్ చట్టం లేదని తల ఊరికే వదిలేయకండి. డాట్ గుర్తున్న హెల్మెట్ లేకుండా బండి ఎక్కొద్దు.

ఇక అసలు సంగతి. ఆదివారం పొద్దున ఖాళీ పార్కింగ్ లాట్‌కి వెళ్లి, 20 మైళ్ల వేగం నుంచి ఆపడం సాధన చేయండి. మన దగ్గర చాలామంది కాలి బ్రేకు మీదే ఆధారపడి నేర్చుకున్నారు. గట్టిగా ఆగాల్సివచ్చినప్పుడు పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేకే చేస్తుంది. ఒక్కసారిగా పట్టేయకుండా లివర్‌ని మొదట కొద్దిగా నొక్కి, బరువు ముందు చక్రం మీదికి వాలాక గట్టిగా నొక్కాలి. బరువు వాలకముందే గట్టిగా పట్టేస్తే ఏబీఎస్ (చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) లేని బండి ముందు చక్రం లాక్ అయి కింద పడేస్తుంది. స్ప్లెండర్ లాంటి బండ్ల మీద గేర్లన్నీ ఒకే వైపు నొక్కిన కాలికి, ఒకటి కిందికి, మిగతావి పైకి వేసే పద్ధతి మళ్లీ గుర్తుచేయాలి.

కుడివైపు నడపడం కార్లో అలవాటైపోయింది కదా అనుకోవద్దు. హ్యాండిల్ పట్టుకున్న చేతులకు చిన్నప్పటి ఎడమవైపే గుర్తుంటుంది. బంకులోంచో పార్కింగ్‌లోంచో ఖాళీ రోడ్డు మీదికి తిరిగేటప్పుడే తప్పు లేన్‌లోకి వెళ్లిపోతాం, ఎందుకంటే దారి చూపించే ఇంకో వాహనం అక్కడ ఉండదు.

మంచుకి చల్లిన ఉప్పూ ఇసుకా కూడళ్లలో, హైవే ర్యాంపుల వంపుల్లో మిగిలే ఉంటాయి. బాగా కడిగేసే వాన ఒకటి పడేదాకా ఆగితే మంచిది. 45 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లగా ఉన్నప్పుడు టైర్ల పట్టు తక్కువ, మొదటి కొన్ని మైళ్లు బండి ఎక్కువ వంచకండి. 50 డిగ్రీల్లో 60 మైళ్ల వేగంతో వెళ్తే ఒంటికి 40 డిగ్రీల చలి. మొద్దుబారిన వేళ్లతో బ్రేకు సరిగ్గా అందదు, మంచి గ్లవ్స్ వేసుకోండి.

ఎదుటినుంచి వచ్చి ఎడమకు తిరిగే కారుతోనే ఎక్కువ జాగ్రత్త అవసరం. ఐదు నెలలుగా బండ్లు చూడని డ్రైవర్ కళ్లకు మీరు ఆనరు. డ్రైవర్ మొహం కాదు, కారు ముందు చక్రం చూడండి. తిరగడం అక్కడే మొదట తెలుస్తుంది. వేగం తగ్గించి, వేళ్లు లివర్ మీదే ఉంచండి.

మొదటి రోజు అరగంట చాలు. పగటిపూట, వెనక ఎవర్నీ ఎక్కించుకోకుండా, ఎక్స్‌ప్రెస్‌వే జోలికి పోకుండా వెళ్లిరండి. తిరిగొచ్చాక ఇంజిన్ కింద ఒక అట్టముక్క పరచండి. పొద్దున దానిమీద మరక ఉంటే ఆయిలో, కూలెంటో తేల్చుకోండి. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్క్ గొట్టాలనూ గుడ్డతో తుడిచి చూడండి. నూనె చార కనిపిస్తే సీల్ పోయినట్టు, ఆ నూనె బ్రేక్ ప్యాడ్ల మీదికి దిగకముందే మార్పించండి.