సింగపూర్‌లో హోటల్ కాదు, గది చూసుకో

చిరంజీవి చిన్నాకి అత్త ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన మూడు హోటళ్ళ లింకులూ చూశాను. "ఏది బాగుంటుంది అత్తా?" అన్నావు. మూడూ బాగున్నాయి. ఫొటోల్లో బాగుండని బొటీక్ హోటల్, అంటే ముచ్చటగా అలంకరించిన చిన్న హోటల్, ఎక్కడైనా ఉందా? ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదని కూర్చుని రాస్తున్నాను. కంపెనీ పని మీద ఏళ్ళ తరబడి సింగపూర్ వెళ్ళొచ్చినదాన్ని, పెద్ద పెద్ద అద్దాల హోటళ్ళకంటే ఈ పాత ఇళ్ళ హోటళ్ళలోనే ఎక్కువ ఉన్నదాన్ని, కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు. నువ్వూ నీ భార్యా ఇద్దరే వెళ్తుంటే ఇంత చెప్పను. మీ అమ్మని కూడా తీసుకెళ్తున్నావు, ఆవిడ మోకాళ్ళ సంగతి నీకు తెలుసు.

నువ్వు పంపిన మూడూ షాప్‌హౌస్‌లే. కింద కొట్టు, పైన కాపురం. వర్తకులు అలా కట్టుకున్న రెండు మూడంతస్తుల ఇళ్ళు, ఒకదాన్నొకటి ఆనుకుని వీధి పొడుగునా ఉంటాయి. ముందు వెడల్పు బాగా తక్కువ, లోపలికి పొడుగే పొడుగు. గాలీ వెలుతురూ రావడానికి మధ్యలో ఆకాశం కనపడేలా కాస్త జాగా వదిలేవారు, మన మండువా ఇళ్ళలో లాగా. 1989లో అక్కడి ప్రభుత్వం చైనాటౌన్, లిటిల్ ఇండియా, కంపాంగ్ గ్లామ్ లాంటి పేటల్ని పరిరక్షణ ప్రాంతాలుగా ప్రకటించింది. అక్కణ్ణుంచి ముందు గోడ పడగొట్టి కొత్తది కడతానంటే కుదరదు. హోటల్ పెట్టేవాళ్ళు ఆ పాత కట్టడంలోనే గదులు ఇరికించుకోవాలి.

అందుకే ఈ హోటళ్ళలో ఏ రెండు గదులూ ఒకలా ఉండవు. వీధి వైపు గదికి చెక్క రెక్కలున్న పొడవాటి కిటికీలు, ఎత్తైన కప్పు ఉంటాయి. వెబ్‌సైట్‌లో నువ్వు చూసి మురిసిపోయింది ఆ గదినే. వెనక గది సందులోకి చూస్తుంది. మధ్యలో పడ్డ గదికి ఆ చిన్న జాగాలోకి ఒక కిటికీ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. కిటికీ లేని గదులు సింగపూర్‌లో మామూలే, ఎవరూ దాచరు కూడా. కానీ 'నో విండో' అన్న మాట గది వివరాల్లో ఎక్కడో అడుగున ఉంటుంది, నువ్వేమో 'సుపీరియర్', 'డీలక్స్' అన్న పేర్లు చూసి డబ్బు కట్టేస్తావు. ఆ పేర్లకి ఒక హోటల్‌కీ ఇంకో హోటల్‌కీ పొంతన ఉండదు. పేరు పక్కన ఎన్ని చదరపు మీటర్లో రాసి ఉంటుంది, దాన్ని పదకొండుతో గుణించు. 12 చదరపు మీటర్లంటే సుమారు 130 చదరపు అడుగులు, అందులోనే బాత్రూమూ. మంచం వేశాక రెండు సూట్‌కేసులు ఒకేసారి తెరవడానికి చోటుండదు. ఒకటి మూసి మంచం కిందికి తోసి, అప్పుడు రెండోది తెరవాలి.

ఒక్క రాత్రి పడుకుని విమానం ఎక్కేసేవాళ్ళకి కిటికీ లేని గదే నయం, చవక, పైగా చప్పుడు ఉండదు. అయిదు రోజులుండే మీకు పనికిరాదు. అక్కడ ఏడాది పొడుగునా తెల్లవారేది ఏడు ప్రాంతంలో. మీ అమ్మకి మన నాలుగున్నర అలవాటు, అంటే అక్కడ ఏడు. లేచి చూస్తే చీకటిగా ఉంటే ఆవిడ మనసు ఆ రోజంతా బాగుండదు. 'స్కైలైట్' అని రాసి ఉంటే కప్పులో అద్దం పలక అని అర్థం. వెలుతురు వస్తుంది, కానీ వాన పడితే చప్పుడుంటుంది, అక్కడ వానకి కాలం లేదు.

బాత్రూము సంగతి ఎవరూ చెప్పరు గనక నేనే చెప్తాను. చిన్న గదిని పెద్దగా చూపించడానికి బాత్రూముకి గోడ బదులు అద్దం పెట్టేస్తారు. కొన్నిచోట్ల అద్దం మీద మసక పొర ఉంటుంది, కొన్నిచోట్ల అదీ ఉండదు. పెళ్ళాం మొగుళ్ళకి ఫర్వాలేదేమో గానీ తల్లితో ఒకే గదిలో ఎలా ఉంటావు? ముగ్గురికీ ఒక గది, ఒక ఎక్స్‌ట్రా బెడ్ అన్న ఆలోచన ఇక్కడే మానెయ్. ఆ బెడ్ వేస్తే తలుపు తెరుచుకోదు, చాలా చోట్ల అసలు ఇవ్వరు. రెండు గదులు తీసుకో, పక్కపక్కన. డబ్బు సరిపోకపోతే ఒక రోజు తగ్గించుకో, గది మాత్రం తగ్గించకు.

ఇక మెట్లు. పాత ఇళ్ళలో చెక్క మెట్లు నిట్రంగా ఉంటాయి. చాలా హోటళ్ళు లిఫ్ట్ పెట్టించుకున్నాయి, కానీ వీధిలోంచి రిసెప్షన్‌కి నాలుగు మెట్లు, లిఫ్ట్ దిగాక గదికి మళ్ళీ అయిదు మెట్లు అనే చోట్లూ ఉన్నాయి. "లిఫ్ట్ ఉందా?" అని అడిగితే "ఉంది" అనే చెప్తారు, అది అబద్ధం కూడా కాదు. "కారు దిగిన దగ్గర్నుంచి గది గుమ్మం దాకా మొత్తం ఎన్ని మెట్లు ఎక్కాలి?" అని అడుగు.

ఇదంతా బుకింగ్ సైట్‌లో దొరకదు, డబ్బు కట్టక ముందే హోటల్‌కి నేరుగా మెయిల్ రాయాలి. నాలుగు వాక్యాలు చాలు. తారీఖులు, డెబ్భై దాటిన మోకాళ్ళ నొప్పుల మనిషి వస్తున్నారని, బయటికి తెరుచుకునే కిటికీ ఉన్న రెండు గదులు ఒకే అంతస్తులో కావాలని, మెట్లెన్ని, బాత్రూముకి గోడా అద్దమా అని. పెద్ద హోటల్‌కి రాస్తే ఎక్కడో కాల్ సెంటర్ వాళ్ళు జవాబిస్తారు. ఇరవై ముప్ఫై గదుల హోటల్‌లో నీ మెయిల్ చదివినవాళ్ళే రేపు తాళం చేతికిచ్చేదీ. "ఫలానా నంబరు గది ఇస్తాం, దానికి మెట్లు లేవు" అని రాశారా, కళ్ళు మూసుకుని బుక్ చెయ్. "మీ విన్నపం నమోదు చేశాం, వీలునిబట్టి చూస్తాం" అన్న పడికట్టు మాట వస్తే ఇంకో హోటల్ చూసుకో.

ఏ పేట అంటే, నువ్వు చైనాటౌన్ అంటావని తెలుసు. కియాంగ్ సైక్ రోడ్ ఒకప్పుడు పేరుమోసిన రెడ్ లైట్ వీధి, ఇప్పుడు వరసగా బార్లూ రెస్టారెంట్లూ హోటళ్ళూ. అందంగానే ఉంటుంది. కానీ శుక్ర, శనివారాల రాత్రి వీధి వైపు గదిలో నిద్ర పట్టదు, ఆ చెక్క కిటికీలు చప్పుడుని ఆపవు. అందమైన గదే గోల ఎక్కువున్న గది, అదీ అక్కడి తిరకాసు. అక్కడే ఉంటానంటే వెనక వైపు గది అడుగు. సౌత్ బ్రిడ్జ్ రోడ్‌లో శ్రీ మారియమ్మన్ గుడి నడిచి వెళ్ళేంత దూరమే. 1827 నాటిది, సింగపూర్‌లో మన దేవుళ్ళ గుళ్ళలో అదే పాతది.

నన్నడిగితే మాత్రం లిటిల్ ఇండియా. మీ అమ్మ బయటి తిండికి ఎంత పేచీ పెడుతుందో నాకు కొత్తగా చెప్పక్కర్లేదు. సెరంగూన్ రోడ్‌లో 1947 నుంచీ నడుస్తున్న కోమల విలాస్ ఉంది, దోసె, ఇడ్లీ, భోజనం అన్నీ దొరుకుతాయి. అదే రోడ్డు మీద శ్రీనివాస పెరుమాళ్ కోవెల ఉంది. పొద్దున్నే ఆవిడ గుడికెళ్ళి, టిఫిన్ చేసి వచ్చేలోపు మీరిద్దరూ తీరిగ్గా లేవొచ్చు. ఆదివారం సాయంత్రం మాత్రం మన దేశం నుంచీ బంగ్లాదేశ్ నుంచీ వచ్చిన కూలీల్లో చాలామందికి అదే సెలవు పూట, వీధులు కిక్కిరిసి ఉంటాయి. భయపడాల్సిందేమీ లేదు, కానీ ఆ పూట మెరీనా బే వైపు పెట్టుకో. జూ చియాట్ అనే పేటలో పెరనాకన్ల (చైనా, మలయ్ సంప్రదాయాలు కలిసిన కుటుంబాల) రంగురంగుల ఇళ్ళు చూడ్డానికి ఇంకా బాగుంటాయి, ఒక పొద్దు వెళ్ళి ఫొటోలు తీసుకురండి, చాలు.

డబ్బు లెక్క. హోటల్ సొంత ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే 10 శాతం సర్వీస్ చార్జీ, దాని మీద 9 శాతం జీఎస్టీ ఇంకా కలపాలని. 200 డాలర్ల గది 239.80 అవుతుంది. బుకింగ్ సైట్‌లో చివరి పేజీ దాకా వెళ్ళి అప్పుడు పోల్చు. దిగగానే డిపాజిట్ కింద కార్డు మీద కొంత సొమ్ము పట్టి ఉంచుతారు. దానికి క్రెడిట్ కార్డే ఇవ్వు, డెబిట్ కార్డయితే నీ ఖాతాలో డబ్బు రోజుల తరబడి ఇరుక్కుంటుంది. బయల్దేరే ముందు బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం ఆన్ చేసుకో. ఫార్ములా వన్ రేసు జరిగే వారం పొరపాటున కూడా తగలకుండా చూసుకో, గదుల ధరలు చుక్కల్లో ఉంటాయి. టిప్పుల అలవాటు అక్కడ లేదు.

హోటల్ కంటే ఎవరిదో ఫ్లాట్ చవగ్గా వస్తోందని మీ ఆఫీసు స్నేహితుడు ఎవరో అన్నాడట. వద్దు. అక్కడ ప్రైవేటు ఇళ్ళని 3 నెలల కంటే తక్కువకి అద్దెకివ్వడం చట్టవిరుద్ధం. పైగా వీసాతో పాటు ఎస్‌జీ అరైవల్ కార్డ్ అనే ఆన్‌లైన్ ఫారం నింపాలి, దిగే రోజుతో కలిపి మూడు రోజుల్లోపు. అందులో ఉండబోయే చోటు చెప్పాలి. అది ఉచితం, డబ్బడిగే సైట్లు కనపడితే మూసెయ్.

హైదరాబాద్ నుంచి రాత్రి ఎక్కితే పొద్దున్నే దిగుతారు, గది ఇచ్చేది మధ్యాహ్నం రెండుకో మూడుకో. చిన్న హోటల్‌లో ఖాళీ గది మిగిలి ఉండడం తక్కువ. సామాను పెట్టుకోనిస్తారు, స్నానానికి చోటుందో లేదో ఆ మెయిల్‌లోనే అడుగు. మీ అమ్మ చీర, మందులు, టవలు ఒక చిన్న సంచిలో విడిగా సర్దు. పెద్ద పెట్టె రిసెప్షన్‌లో తెరిచి వెతుక్కోవడం ఆవిడకి నామోషీ.

గదిలో అగరొత్తి వెలిగించకూడదు. ఇది మీ అమ్మకి నువ్వు కాదు, నీ భార్య చేత చెప్పించు, వింటుంది. పొగ పసిగట్టే యంత్రం కప్పులో ఉంటుంది, సిగరెట్ తాగినట్టే లెక్కగట్టి చార్జీ వేస్తారు. కెటిల్‌లో నీళ్ళు తప్ప పాలూ మ్యాగీ కాచొద్దు. ఘాటు వాసనేసే డూరియన్ పండు తినాలని ఉంటే వీధిలోనే తినేసి రండి, హోటళ్ళలోకి రానివ్వరు. కుళాయి నీళ్ళు తాగొచ్చు. ప్లగ్గులు మూడు పలకల కాళ్ళవి, అడాప్టర్లు రెండు తీసుకెళ్ళు. బక్కెట్టూ చెంబూ ఉండవు, ఒక ప్లాస్టిక్ మగ్గు పెట్టెలో వేసుకో, నవ్వకు.

రిసెప్షన్‌లో ఉన్నవాళ్ళతో మాట కలుపు. అక్కడ కూడా వయసు మళ్ళినవాళ్ళని అంకుల్, ఆంటీ అనే పిలుస్తారు. "మీరు మధ్యాహ్నం ఎక్కడ తింటారు?" అని అడుగు, కార్డులో అచ్చేసిన పేరు కాకుండా వాళ్ళు నిజంగా వెళ్ళే చోటు చెప్తారు. శాకాహారం అంటే గుడ్డు, చేప, ఆయిస్టర్ సాస్ కూడా వద్దని విడమరిచి చెప్పాలి.

మెయిల్ రాశాక పంపే ముందు నాకు పెట్టు, ఒకసారి చూస్తాను. ఈ వారంలోనే రాయి, వీధి గోల తగలని వెనక వైపు గదులు ఒక్కో హోటల్‌లో కొన్నే ఉంటాయి. ఈ ఉత్తరం మీ అమ్మకి చదివి వినిపించు గానీ మోకాళ్ళ ముక్కా బయటి తిండి ముక్కా దాటెయ్.

ఇట్లు,
మీ అత్త