మావాడు చివరికి వడ్రంగి అవుతాడేమోనని భయంగా ఉంది

ప్రశ్న: పదకొండేళ్లుగా జర్మనీలో, మన్‌హైమ్ దగ్గర ఉంటున్నాం. భార్యాభర్తలిద్దరం సాఫ్ట్‌వేర్. అబ్బాయికి 14 ఏళ్లు. యూనివర్సిటీ దారిలో నడిపే స్కూలు జిమ్నాజియంలో సీటు రాలేదు, 10వ తరగతితో ముగిసే మధ్యస్థాయి స్కూలు రియల్‌షూలెలో 8వ తరగతి చదువుతున్నాడు. ఊళ్లో క్లబ్‌కి ఫుట్‌బాల్ ఆడతాడు. 150 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక ప్రొఫెషనల్ క్లబ్ వాళ్లు అకాడమీలో చేర్చుకుంటాం, హాస్టల్‌లో ఉండాలి అన్నారు. శుక్రవారంలోగా చెప్పాలి. పంపిస్తే చదువు పోతుంది. ఆట మాన్పించి, ట్యూషన్ పెట్టి జిమ్నాజియంకి మారుద్దామా అని మరో ఆలోచన. జర్మనీ ఫుట్‌బాల్ స్టార్ మిరోస్లావ్ క్లోజె కూడా కార్పెంటర్ పని నేర్చుకున్నవాడే అంటాడు మావాడు. రెంటికీ చెడిన రేవడిలా చివరికి వడ్రంగి అవుతాడేమోనన్నదే మా భయం. రోజూ వాడి ప్రాక్టీస్ అయ్యేదాకా లాప్‌టాప్ పెట్టుకుని గ్రౌండ్ పార్కింగ్‌లో కూర్చుంటాను, ఈ దేశం తీసుకొచ్చి వాడికి అన్యాయం చేశానేమో అనిపిస్తుంది. రెండు దారులూ పోల్చి చెప్పండి. రియల్‌షూలె సంగతి గుంటూరులో మా నాన్నగారికి తెలియదు. మనవడు జిమ్నాజియంలోనే ఉన్నాడనుకుంటున్నారు.

(కింద అబ్బాయి రాసిన ఒక లైను: ఆంటీ, క్లోజె 20 ఏళ్లు వచ్చేదాకా 7వ డివిజన్‌లోనే ఆడాడు. నాన్నకి చెప్పండి.)

సమాధానం: పోలిక తర్వాత చెబుతాను. ముందు మీ ఆఖరి వాక్యం సంగతి చూద్దాం. డాలస్ నుంచి వచ్చినా, కూకట్‌పల్లి నుంచి వచ్చినా నాకొచ్చే ఉత్తరాలు చాలావరకు ఇలాగే ఉంటాయి. పైకి సీట్లు, కోర్సులు, మార్కులు. అడుగున మాత్రం మనవాళ్లకి ఏమని చెప్పుకోవాలన్న బెంగ.

మీ ఇంట్లో వీడియో కాల్ ఎలా నడుస్తుందో నేను ఊహించగలను. తాతయ్య "స్కూల్లో ఎలా చదువుతున్నావురా" అంటారు. మీరు గబుక్కున ఫోన్ మీవైపు తిప్పుకుని మాట మారుస్తారు. వాడు పక్కనే నిలబడి ఉంటాడు. తన స్కూలు పేరు పైకి చెప్పుకోకూడదని వాడికి పదేళ్ల వయసులోనే తెలిసిపోయింది. మీ మీద గౌరవం ఉంది కాబట్టే చెబుతున్నాను, ఇది మీరు చేసిన తప్పు. ఈ ఆదివారం నాన్నగారికి ఫోన్ చేసి నిజం చెప్పేయండి. 10వ తరగతి మంచి మార్కులతో పాసైతే జిమ్నాజియం పై తరగతుల్లో చేరే వీలుందని కూడా చెప్పండి. ఆయన రెండు రోజులు బాధపడతారేమో, ఆ తర్వాత వాడి ఆట గురించి అడుగుతారు.

ఇక క్లోజె. మీవాడు చెప్పింది నిజమే. క్లోజె 1978లో పోలండ్‌లోని ఓపోలేలో పుట్టాడు. తండ్రి ఫ్రాన్స్‌లో ఒసేర్ క్లబ్‌కి ఆడిన ఫుట్‌బాలర్, తల్లి పోలండ్ తరఫున హ్యాండ్‌బాల్ ఆడింది. 1986లో ఆ కుటుంబం మీకు దగ్గర్లోనే ఉన్న కూజెల్ అనే చిన్న ఊరికి వచ్చింది. అప్పటికి ఆ పిల్లాడికి జర్మన్ దాదాపు ఏమీ రాదు. పక్క ఊరి క్లబ్ బ్లౌబాఖ్-డీడెల్‌కోప్ఫ్‌లో ఆడుతూ, మీవాడన్న ఆ కార్పెంటర్ పని, జర్మన్‌లో త్సిమ్మర్‌మాన్ పని, నేర్చుకున్నాడు. 1998లో హోంబుర్గ్ క్లబ్, మరుసటి ఏడాది కైజర్స్‌లౌటర్న్ క్లబ్ రెండో జట్టు. జర్మనీలో అన్నిటికన్నా పై లీగ్ అయిన బుండెస్‌లీగాలో అడుగుపెట్టింది 2000 ఏప్రిల్‌లో, దాదాపు 22 ఏళ్లప్పుడు. 2001 మార్చిలో అల్బేనియా మీద జర్మనీకి తొలి మ్యాచ్, సబ్‌స్టిట్యూట్‌గా దిగి చివరి నిమిషాల్లో గెలుపు గోల్ కొట్టాడు. 2002 ప్రపంచకప్‌లో ఐదు గోల్స్, ఐదూ తలతోనే. 2006లో మరో ఐదు, 2010లో నాలుగు, 2014లో రెండు. మొత్తం 16. బెలో హొరిజోంచిలో బ్రెజిల్ మీద 7-1తో గెలిచిన రోజు, ఆయన మొదటి షాట్‌ని గోల్‌కీపర్ ఆపేశాడు. తిరిగొచ్చిన బంతిని మళ్లీ కొట్టి రొనాల్డో పేరున ఉన్న 15 గోల్స్ రికార్డు దాటాడు. అప్పటికి ఆయనకి 36 ఏళ్లు. జర్మనీకి 137 మ్యాచ్‌ల్లో 71 గోల్స్, ఇంతవరకూ ఆ దేశ పురుషుల జట్టులో ఎవరూ అన్ని కొట్టలేదు.

ఈ కథలో మీకు నచ్చని ముక్క ఆ పనే కదా. మనకి వడ్రంగి అనగానే కుర్చీలు, తలుపులు గుర్తొస్తాయి. త్సిమ్మర్‌మాన్ ఇళ్ల పైకప్పులు కట్టేవాడు. దూలాలు, వాసాలు కొలిచి, కోసి, పైకెక్కి బిగిస్తాడు. వెడల్పు కాళ్ల నల్ల కార్డురాయ్ ప్యాంటు, నల్ల టోపీ పెట్టుకుని వీధిలో వెళ్లే కుర్రాళ్లని మీరు చూసే ఉంటారు, వాళ్లే. మూడేళ్ల శిక్షణ, కొన్నాళ్లు పనిలో, కొన్నాళ్లు వృత్తి పాఠశాలలో, నెలనెలా చేతికి జీతం. తర్వాత ఆ వృత్తిలో నిపుణుడిగా గుర్తించే మైస్టర్ పరీక్ష పాసైతే సొంత సంస్థ పెట్టుకోవచ్చు, యూనివర్సిటీలో చేరే అర్హత కూడా వస్తుంది. మీరు అద్దెకుంటున్న ఇంటి కప్పు కారితే ఆ పనివాడి కోసం ఎన్ని వారాలు ఆగాల్సి వస్తుందో మీకే తెలుసు. మీవాడు ఆ పనిలోకే వెళ్లాలని నేననడం లేదు. వాడి ముందు ఆ పనిని శాపంలా మాట్లాడకండి, అంతే.

అయితే క్లోజె కథని నమ్ముకుని దారి వేసుకోవద్దని మీవాడికీ చెప్పాలి. 2000 యూరో కప్‌లో జర్మనీ గ్రూపులో ఆఖరి స్థానంలో మిగిలింది. ఆ అవమానం తర్వాత ప్రొఫెషనల్ క్లబ్బులన్నీ యువ ఆటగాళ్ల కోసం అకాడమీలు నడపాలని నిబంధన పెట్టారు. మంచి ఆటగాళ్లని వెతికే స్కౌట్లు ఊరూరా తిరగడం మొదలైంది. ఈ రోజుల్లో 20 ఏళ్లదాకా ఎవరి కంటా పడకుండా ఉండటం కష్టం.

మరి అకాడమీకి పంపేయమంటానా అంటే, నాకు అనుమానాలున్నాయి. ఈ మధ్య అకాడమీ సీటుని ఐఐటీ సీటులా చూస్తున్నారు, చాట్ గ్రూపుల్లో అభినందనలు కూడా. కానీ ఆ సీటు ఏటా మళ్లీ సంపాదించుకోవాల్సిందే. సీజన్ చివర్లో కోచ్ పిలిచి ఐదు నిమిషాలు మాట్లాడతాడు. కొందరు ఉంటారు, కొందరు సామాను సర్దుకుంటారు. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి 16 ఏళ్లకి అలా తిరిగొచ్చాడు. కిట్ బ్యాగ్ రెండు నెలలు చెప్పుల స్టాండ్ పక్కనే, జిప్ తీయకుండా పడి ఉందని వాళ్లమ్మ చెప్పింది. షూస్‌కి అంటిన మట్టి కూడా దులపలేదట. వాడికి కాళ్లు బాగానే ఉన్నాయి, చదువూ ఉంది. కానీ ఇంట్లో ఎవరి మొహం చూడలేకపోయాడు.

నిలదొక్కుకున్నవాళ్ల సంగతీ చూడండి. పెర్ మెర్టెసాకర్ జర్మనీకి 104 మ్యాచ్‌లు ఆడాడు, ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. మ్యాచ్ ముందు టెన్షన్‌తో వాంతి వచ్చినట్టయ్యేదని, 2006లో సొంతగడ్డ మీద సెమీఫైనల్‌లో ఓడినప్పుడు లోపల్లోపల హమ్మయ్య అనిపించిందని 2018లో ఆయనే బయటపెట్టాడు. ఇది పెద్దవాళ్ల ఒత్తిడి. 14 ఏళ్లకే రాత్రిపూట హాస్టల్ గదిలో దాన్ని మోయాలంటే పిల్లాడికి పక్కన ఇంటి మనిషి కావాలి.

కొలువుల లెక్క కూడా చూసుకోండి. బుండెస్‌లీగాలో 18 క్లబ్బులు, ఒక్కోదానికి పాతిక ముప్ఫై మంది. దేశం మొత్తానికి ఐదొందల చిల్లర. అందులో చాలామంది బయటి దేశాలవాళ్లు.

కాబట్టి నా మాట: ఈ ఏడాది హాస్టల్‌కి వద్దు, ఆట మాన్పించనూ వద్దు. ఇంటి నుంచి రోజూ వెళ్లిరాగల, ఇంకాస్త పై స్థాయి క్లబ్ ఒకటి చూడండి. మన్‌హైమ్ చుట్టుపక్కల అలాంటివాటికి కరువు లేదు. 10వ తరగతి రియల్‌షూలెలోనే పూర్తి చేయనివ్వండి. 16 ఏళ్లకి మళ్లీ పిలుపొస్తే అప్పుడు పంపొచ్చు. పిలిచిన క్లబ్‌కి ఫోన్ చేసి, ఇంటి నుంచి ఆడుతూ రెండేళ్లు మీ దృష్టిలో ఉండొచ్చా అని సూటిగా అడగండి. జిమ్నాజియం ట్యూషన్ మాత్రం మానేయండి. ఆట లాగేసుకుని, దాని చోట పుస్తకం పెడితే వాడికి ఆ పుస్తకం మీదే పగ పుడుతుంది. చదువు ఎక్కడికీ పోదు. 1996 యూరో ఫైనల్‌లో అదనపు సమయంలో మ్యాచ్‌ని ముగించే గోల్డెన్ గోల్ కొట్టిన ఒలివర్ బియర్‌హోఫ్ హాగెన్ దూరవిద్య యూనివర్సిటీలో 26 సెమిస్టర్లు చదివి 2002లో డిగ్రీ తీసుకున్నాడు.

క్లోజె 2016లో ఆట మానేశాక కొన్నాళ్లు జర్మనీ జట్టు కోచింగ్ బృందంలో ఉండి, 2018లో బాయర్న్ మ్యూనిక్ క్లబ్‌లో 17 ఏళ్లలోపు పిల్లలకి కోచ్ అయ్యాడు. ఆస్ట్రియాలో ఒక క్లబ్‌కి హెడ్ కోచ్‌గా వెళ్లి ఏడాది తిరక్కుండానే పదవి పోగొట్టుకున్నాడు. 2024లో మళ్లీ జర్మనీలోని న్యూరెంబెర్గ్ క్లబ్‌లో కోచ్‌గా చేరాడు. అంత పెద్ద ఆటగాడు నలభై దాటాక కొత్త పని నేర్చుకున్నాడు, అందులో దెబ్బ తిన్నాడు, మళ్లీ నిలబడ్డాడు. మీవాడికి ఇంకా 14 ఏళ్లే. ఏ తలుపూ మూసుకుపోలేదు. మీరు వాడిని ఈ దేశం తీసుకొచ్చి అన్యాయం చేయలేదు. రోజూ లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని గ్రౌండ్ పార్కింగ్‌లో గంటన్నర కూర్చునే తండ్రి అన్యాయం చేసినవాడు ఎలా అవుతాడు? రేపటి నుంచి ఆ లాప్‌టాప్ మూసి, కారు దిగి గట్టు మీద నిలబడి చూడండి.

బాబూ, నువ్వు చెప్పమన్నది నాన్నకి చెప్పాను. 2012లో ఇటలీలో ఆడుతూ నాపోలి క్లబ్ మీద గోల్ పడినప్పుడు, బంతి నా చేతికి తగిలింది అని క్లోజె తనే రిఫరీకి చెప్పి ఆ గోల్ వదులుకున్నాడు. ఆయన గురించి ఇంత తెలిసినవాడివి, అదీ నీకు తెలిసే ఉంటుంది. నువ్వు కూడా శుక్రవారంలోగా నాన్నకి ఒక నిజం చెప్పాలి. ఆ హాస్టల్‌కి వెళ్లాలని నీకే ఉందా, లేక స్కూలు పేరు వచ్చినప్పుడల్లా నాన్న మొహం మారిపోతుందని, అది చూడలేక వెళ్తానంటున్నావా? తెలుగులో మాట దొరక్కపోతే జర్మన్‌లోనే చెప్పు. నాన్నకి అర్థమవుతుంది.