నందివర్ధనం మీద నీలికళ్ళ పచ్చపురుగు: కుడుతుందా, మందు కొట్టాలా?

నందివర్ధనం చెట్టు మీద వేలెడు పొడవు పచ్చపురుగు, మెడ దగ్గర రెండు నీలం కళ్ళు, తోక మీద ముల్లు ఉన్నాయని, కుడుతుందేమోనని అడిగారు. కుట్టదండీ. ఆ ముల్లు మెత్తగానే ఉంటుంది. పోయిన వానాకాలం మా రాజమండ్రి ఇంట్లో దీన్నే సీసాలో పెంచాను.

మాకు మొదట కనబడింది పురుగు కాదు, దాని పెంట. పొద్దున్నే ముగ్గు మీద మిరియాల్లాంటి నల్లటి ఉండలు. ఎలుకలనుకుని మా అత్తయ్య బోను కూడా పెట్టించారు! తలెత్తి చూస్తే పైకొమ్మల్లో ఈనెలే మిగిలాయి.

ఆ కళ్ళు ఉత్తుత్తివి. పుల్లతో తాకితే తల లోపలికి లాక్కుని మెడ వంచుతుంది. అప్పుడు మచ్చలు విచ్చుకుని, పాముపిల్ల గుడ్లురిమినట్టే ఉంటుంది. పిట్టలు జడుసుకోవాలనే ఆ వేషం.

ఇది డాఫ్నిస్ నేరీ అనే మాత్ (సీతాకోకచిలుక లాంటి రెక్కల పురుగు) పిల్లపురుగు. ఇంగ్లీషులో ఓలియాండర్ హాక్ మాత్ అంటారు, ఓలియాండర్ అంటే మన గన్నేరే. పశువులకు ప్రాణాంతకమైన గన్నేరు ఆకును ఇది హాయిగా నమిలేస్తుంది. నందివర్ధనం, బిళ్ళగన్నేరు, అడీనియం కూడా గన్నేరు కుటుంబంలోవే, వాటినీ వదలదు. మందారం ఆకు వేసి చూశాను, మూతి కూడా పెట్టలేదు.

ఒకరోజు తిండి మానేసి గోధుమరంగుకు తిరిగింది. చచ్చిపోతోందని ఒకటే టెన్షన్. తీరా చూస్తే గూటిదశకు ముందు అలా మారడం మామూలేనట. సీసాలో వేసిన ఎండుటాకుల కిందికి దూరింది. సుమారు రెండు వారాలకు మాత్ బయటికొచ్చింది. రెక్కలు చాపితే నా అరచేతి వెడల్పు. మిలటరీ బట్టలా ముదురు, లేత పచ్చలు, మధ్యమధ్య గులాబీ జీరలు. చీకటి పడగానే రెక్కలు గజగజ వణికించి వేడెక్కించుకుని ఎగిరిపోయింది. పెద్దయ్యాక ఆకుల జోలికి పోదు. మునిమాపువేళ మల్లె లాంటి వాసన పూల ముందు గాలిలోనే నిలబడి, పొడుగాటి తొండంతో తేనె తాగుతుంది.

మన దగ్గరే కాదు, ఆఫ్రికాలోనూ ఆగ్నేయాసియాలోనూ ఉంది. వేసవిలో యూరప్ దాకా వలసపోతుంది కానీ అక్కడి చలికాలాన్ని తట్టుకోలేదు.

మందు కొట్టకండి. ఒకటీ రెండూ తిన్నంత మాత్రాన చెట్టు చావదు, మాది మళ్ళీ చిగురేసింది. కుండీలో చిన్న మొక్కయితే పురుగును తీసి పెద్ద గన్నేరు మీద వేయండి. ఆ చెట్ల పాలు విషం, తర్వాత చేతులు కడుక్కోండి. పురుగు కనబడకుండా పోయాక రెండు మూడు వారాలు చెట్టు కింద రాలిన ఆకులు ఊడవకండి, వాటి కిందే ఉండొచ్చు.