శిబిరం బాధ్యత తీసుకున్న చెల్లెలికి

చెల్లెమ్మా,

అంగన్‌వాడీల దీక్షా శిబిరం నీకు అప్పగించారని తెలిసింది. ఉపన్యాసాలకు మనుషులు ఎలాగూ వస్తారు, మిగతాదంతా నీదే. వారం రోజుల లెక్క వేసుకోకు. 2023 డిసెంబరు 12న మన ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన అంగన్‌వాడీల సమ్మె 42 రోజులు సాగింది, మధ్యలో అత్యవసర సేవల్లో సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం కూడా పెట్టారు. అప్పుడు టీచరుకు నెలకు 11,500, ఆయాకు 7,000. సమ్మెలో అదీ రాదు. అందుకే భోజనాల ఖర్చు వచ్చినవాళ్ల మీద వెయ్యకు.

అనుమతి దరఖాస్తు రెండు కాపీలు రాయి. రెండోదాని మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకో. కాదంటే ఆ మాటే రాసిమ్మను. ఒక్క కుర్చీ కూడా రోడ్డెక్కకూడదు. దారులు ఆపి నిరవధికంగా కూర్చోవడం కుదరదని ఢిల్లీ షాహీన్ బాగ్ రోడ్డు నిరసన కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పింది, టెంటు పీకడానికి అదే మొదటి సాకు అవుతుంది. కరెంటు స్తంభానికి కొక్కెం తగిలిస్తే దొంగతనం కేసే. పక్క షాపులోంచి లైను తీసుకుని ఏ రోజు డబ్బు ఆ రోజే ఇచ్చెయ్యి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు ఆపాలి.

టెంటు ఎక్కడ వెయ్యాలో బాత్రూమును బట్టి తేల్చుకో. అందరూ మరిచిపోయేది ఇదే. ఇరవై మంది ఆడవాళ్లకు కనీసం ఒకటి ఉండాలి, నడిచి ఐదు నిమిషాల్లో చేరాలి. దగ్గర్లో రెండు మూడు ఇళ్లవాళ్లతో ముందే మాట్లాడుకో. బకెట్, మగ్గు, ఫినాయిల్, ప్యాడ్లు మనమే పెట్టాలి, రోజుకు రెండుసార్లు కడగడం ఎవరి వంతో చీటీ రాసి అంటించాలి. ఇది లేకపోతే ఏమవుతుందంటే, వెళ్లాల్సి వస్తుందని మనవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. మూడో రోజుకి మూత్రంలో మంట, కళ్లు తిరగడం. చూసేవాళ్లు దీక్ష వల్ల పడిపోయిందనుకుంటారు.

యాభై మందికి రోజుకు 20 లీటర్ల టిన్నులు ఎనిమిది తెప్పించు, ఎండాకాలమైతే పది. పూట భోజనానికి ఆరేడు కిలోల బియ్యం. మధ్యాహ్నానికి చింతపండు పులిహోర నిలుస్తుంది, సాంబారన్నం పులుస్తుంది. పెరుగన్నంలో పాలు ఎక్కువ, పెరుగు తక్కువ కలపాలి.

షుగరు, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు, బాలింతలు ఎంత పట్టుబట్టినా నిరాహార దీక్షలో కూర్చోబెట్టకు. ఇరవై నాలుగు గంటలకో బ్యాచ్ మార్చు. కూర్చున్నవాళ్ల బీపీ ఉదయం, సాయంత్రం చూపించి పుస్తకంలో రాయించు.

మొదటి మూడు రోజులు జనం కిటకిటలాడతారు, నాలుగో రోజు సగం కుర్చీలు ఖాళీ. కాబట్టి మొదటి రోజు నుంచే సెక్టార్ల వారీగా (కొన్ని కేంద్రాలు కలిస్తే ఒక సెక్టారు) వంతులు వెయ్యి, ఒక్కో సెక్టారుకు వారంలో రెండు రోజులు. వంతు లేనివాళ్లు ఇంట్లో పడుకోనీ. రోజుకో రూపం ఉంటే విలేకరులు వస్తారు: వంటావార్పు, చెవిలో పూలు, అంబేడ్కర్ విగ్రహానికి వినతిపత్రం. మధ్యాహ్నం లోపే కానిచ్చెయ్యి. మోకాళ్ల మీద నిలబడే కార్యక్రమం మాత్రం వద్దు. యాభై దాటిన మోకాళ్లు, కింద కాలే తారురోడ్డు, ఎవరి మెప్పు కోసం?

హుండీ రోజూ సాయంత్రం ఇద్దరు కలిసి విప్పి, జమాఖర్చులు మైకులో చదవాలి. ఒక్క రోజు చదవకపోయినా మర్నాటికి గుసగుసలు మొదలవుతాయి.

చర్చలకు వెళ్లినవాళ్లు ఒప్పుకున్నారని ఫోన్ చేస్తే టెంటు విప్పకు. చర్చల్లో ఒప్పుకున్నవి రాసిన కాగితం, అదే మినిట్స్, దాని మీద సంతకాలు పడాలి. అందులో కేసుల ఎత్తివేత, సమ్మెకాలపు వేతనం ఉన్నాయో లేదో చదివి చూడు. ఆ తర్వాతే విప్పి, షామియానా కుర్చీలు లెక్కపెట్టి అప్పజెప్పు. పోయినవన్నీ మన ఖాతాలోనే రాస్తారు.

ఇట్లు,
మీ అక్క