ఐస్లాండిక్, ఫారోయీ భాషల్లో 'గామట్ల్' అనే విశేషణం ఎక్కడిది? రూపాలు ఎందుకు మారతాయి?

అర్థం 'పాత', 'ముసలి'. ఐస్లాండిక్ ఐస్లాండ్ భాష, ఫారోయీ ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల భాష. రెండిటికీ ఇది పాత నార్స్ (స్కాండినేవియా ప్రాచీన భాష) నుంచి వచ్చింది. స్వీడిష్‌లోనూ ఇదే మాట ఉంది, స్టాక్‌హోమ్‌లోని గామ్లా స్తాన్ అంటే 'పాత ఊరు'.

ఐస్లాండిక్‌లో రాసేది గమల్ల్ అనే, కానీ చివరి ల్ల్‌ను 'ట్ల్' అని పలుకుతారు. మొదటి గ కూడా మన చెవికి దాదాపు క లాగే వినిపిస్తుంది. ఫారోయీలో ఒకే ల్, మొదటి అచ్చు 'ఎఅ' అని సాగుతుంది.

అసలు విషయం స్త్రీలింగంలో ఉంది. పుంలింగం గమల్ల్, నపుంసకం గమల్త్, స్త్రీలింగం మాత్రం గొముల్. పూర్వం ఆ రూపం చివర ఒక 'ఉ' ఉండేది. దాని ప్రభావంతో ముందున్న అ-కారాలు గుండ్రబడ్డాయి. తర్వాత ఆ ఉ రాలిపోయింది, మార్పు మిగిలింది. ఫారోయీలో ఆ మొదటి అచ్చు మామూలు ఒ-కారం. ఐస్లాండిక్‌లో మాత్రం పెదవులు గుండ్రంగా పెట్టి 'ఎ' అనాలి, తెలుగులో ఆ అచ్చు లేదు.

నిర్దిష్టంగా (ఇంగ్లిష్‌లో 'ది' పెట్టినట్టు) చెప్పేటప్పుడు మధ్య అచ్చు పోయి గమ్లి, గమ్లా అవుతాయి. ఐస్లాండ్ 1262లో నార్వే రాజుకు లోబడిన ఒప్పందాన్ని 'గమ్లి సౌత్మౌలి', అంటే 'పాత ఒడంబడిక' అంటారు.

ఇక 'ఇంకా పాత', 'అన్నిటికంటే పాత' అనడానికి ఈ ధాతువే పనికిరాదు! రెండు భాషల్లోనూ ఎల్ద్రి, ఎల్స్తుర్ అనాలి. ఇవి ఇంగ్లిష్ ఓల్డ్, ఎల్డర్‌ల కుటుంబానివి. ఐస్లాండిక్‌లో వయసుకు వాడే 'అల్దుర్' కూడా ఆ ఇంటిదే. కాబట్టి నేర్చుకునేవాళ్లు గమల్ల్, గొముల్, గమల్త్, ఎల్ద్రి, ఎల్స్తుర్ అని ఐదూ కలిపి బట్టీ పట్టడమే మంచిది.