యాంకరింగ్, క్యారెక్టర్ వేషాలు రెండూ చేయొచ్చు, కానీ వరస ముఖ్యం

ప్రశ్న: మాది తెనాలి. మా అబ్బాయికి 21 ఏళ్లు, బీకాం చివరి సంవత్సరం. ఇంటర్ నుంచి పరిషత్తుల్లో, అంటే నాటక పోటీల్లో, నాటికలు వేస్తున్నాడు. పోయినేడు ఒక పరిషత్తులో ఉత్తమ క్యారెక్టర్ నటుడి బహుమతి వచ్చింది. కాలేజీ ఫంక్షన్లకు, ఊళ్లో రిసెప్షన్లకు యాంకరింగ్ కూడా చేస్తాడు. హీరో కావాలని లేదట, క్యారెక్టర్ ఆర్టిస్టుగా, యాంకర్‌గా బతుకుతానంటున్నాడు. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ మూడు నెలల కోర్సుకు లక్షన్నర అడుగుతోంది. చివర్లో సినిమాలో వేషం గ్యారంటీ అంటోంది. సీటు కోసం పదివేలు కట్టేశాం. మిగతాది కట్టమంటారా? – ఒక తండ్రి

జవాబు: కట్టకండి. వేషం ఇవ్వాల్సింది దర్శకుడు. తన చేతిలో లేనిదానికి ఇన్‌స్టిట్యూట్ ఎలా గ్యారంటీ ఇస్తుంది? ఆ ‘సినిమా’ చాలాసార్లు వాళ్లే తీసుకునే షార్ట్ ఫిల్మ్ అవుతుంది, లేదా పెళ్లి సీన్లో వెనక వరసలో కూర్చోవడం అవుతుంది. పదివేల సంగతి చివర్లో చెబుతాను.

అబ్బాయి కోరికలో తప్పేమీ లేదు. హీరో కావాలనే వాళ్లతో పోలిస్తే వాడి లెక్క చాలా నయం. కాకపోతే క్యారెక్టర్ ఆర్టిస్టుకు పని వచ్చే వయసు వేరు. 21 ఏళ్ల మొహానికి దొరికేవి హీరో స్నేహితుడు, తమ్ముడు, కొత్త కానిస్టేబుల్ లాంటి నాలుగైదు రకాలే. తండ్రి, లాయరు, సర్పంచి, ఎస్సై, వడ్డీ వ్యాపారి వేషాలు ముప్పై అయిదు దాటాక మొదలవుతాయి. మీ దగ్గరి రావికంపాడులో పుట్టిన గుమ్మడి, వయసులో తనకంటే పెద్దవాళ్లయిన హీరోలకు తండ్రిగా నటించి మెప్పించారు. అది ఆ కాలానికి చెల్లింది. ఇప్పుడు కెమెరాలు చర్మం మీది రంధ్రాన్ని కూడా పట్టిస్తున్నాయి, వయసుకు తగ్గ మనిషినే వెతుక్కుంటున్నారు.

కోట శ్రీనివాసరావు 1942లో పుట్టారు. స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ నాటకాలు వేశారు. తొలి సినిమా వేషం 1978లో, అంటే 36 ఏళ్లకు వచ్చింది. జనం పేరు పెట్టి పిలవడం 1985లో ‘ప్రతిఘటన’ తర్వాతే. బ్రహ్మానందం అత్తిలిలో తెలుగు లెక్చరర్‌గా ఉండి, ముప్పై దాటాక తెర మీద నిలదొక్కుకున్నారు. వీళ్లు అన్నేళ్లూ ఊరికే ఎదురుచూస్తూ కూర్చోలేదు. జీతం వస్తోంది, సాయంత్రాలు రిహార్సల్ సాగుతోంది. మీవాడికీ పది పదిహేనేళ్లు అలాంటి ఏర్పాటు కావాలి. యాంకరింగ్ అందులో ఒక భాగం. అదొక్కటే చాలదు.

ఎందుకు చాలదంటే, మన దగ్గర ఫంక్షన్ల యాంకరింగ్ పంచాంగాన్ని బట్టి నడుస్తుంది. ఆషాఢం, పుష్యం, మూఢం వస్తే రిసెప్షన్లూ సంగీత్‌లూ ఆగిపోతాయి. కాలేజీ ఫెస్టులు ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిలోనే. మంచి ముహూర్తాల రోజున నలుగురు పిలుస్తారు, ఒక్కచోటికే వెళ్లగలడు. అందుకని బీకాం చేతికి రాగానే ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్), జీఎస్టీ రిటర్నులు నేర్చుకోమనండి. ఆడిటర్ల దగ్గర రిటర్ను గడువులప్పుడు పని ఒత్తిడి ఉంటుంది, మిగతా రోజుల్లో సెలవు అడిగితే ఇస్తారు. నటుడికి అంతకంటే అనువైన ఉద్యోగం తక్కువ.

ఇక యాంకరింగ్ గురించి. బాగా మాట్లాడటం వస్తే చాలనుకుంటారు, కానీ సభ పాడయ్యేది మాటల దగ్గర కాదు, కాగితం దగ్గర. ప్రోగ్రాంకు రెండు రోజుల ముందే నిర్వాహకుల దగ్గర షో ఫ్లో తీసుకోవాలి: ఏ అంశం, ఎన్ని నిమిషాలు, వేదిక మీదికి ఎవరు, ఎటువైపు నుంచి. అతిథుల పేర్లు, హోదాలు ఆహ్వానపత్రికలో ఉన్నట్టు కాకుండా, వాళ్లు తమను ఎలా పిలవాలనుకుంటారో కనుక్కుని అలా రాసుకోవాలి. ‘మాజీ’ అన్న ఒక్క మాట చేరిస్తే, లేదా మర్చిపోతే, సాయంత్రమంతా దాని గురించే గొడవ. అరచేతిలో ఇమిడే మందపాటి కార్డుల మీద, ఒక అంశానికి ఒక కార్డు చొప్పున పెద్దక్షరాలతో రాయాలి. మూలన నంబరు వేయాలి, ఎందుకంటే కార్డులు కింద పడతాయి. ఫోన్ చూసి చదవొద్దనండి. స్టేజి లైట్లో స్క్రీన్ కనపడదు, మధ్యలో కాల్ వస్తుంది.

సన్మానమప్పుడు ముందు పేరు పిలవాలి, ఆయన లేచి నడిచేలోపు రెండు వాక్యాల పరిచయం, శాలువా కప్పేటప్పుడు మౌనం, ఫొటో అయ్యాక చప్పట్లు. ఈ వరస తప్పితే ఫొటోగ్రాఫర్ కూడా తిడతాడు. ప్రభుత్వ కార్యక్రమమైతే గీతం ముందే కనుక్కోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో ‘మా తెలుగు తల్లికి’, తెలంగాణలో 2024 నుంచి ‘జయ జయహే తెలంగాణ’. అటుది ఇటు ప్రకటిస్తే ఆ నిర్వాహకులు మళ్లీ పిలవరు.

మైకు నోటికి రెండు మూడు అంగుళాల దూరంలో, గడ్డం వైపు కాస్త వాల్చి పట్టుకోవాలి. నిటారుగా నోటికెదురుగా పెడితే ‘ప, ఫ, భ’ పలికినప్పుడల్లా ఢబ్‌మంటుంది. తల పట్టుకుంటే, అంటే మైకు జాలీని పిడికిట్లో మూస్తే, లేదా స్పీకరు ముందుకు నడిచి వెళితే కూత పెడుతుంది. సౌండ్ చెక్‌లో ‘హలో హలో’ అనకుండా తను నిజంగా మాట్లాడే గొంతుతో నాలుగు వాక్యాలు చెప్పాలి. లేకపోతే ఆపరేటర్ ఒక లెవెల్ పెడతాడు, షోలో వీడు అరుస్తాడు, మాట చీలిపోతుంది.

ముఖ్య అతిథి నలభై నిమిషాలు ఆలస్యమైతే ఏం చేస్తావని అబ్బాయిని అడిగి చూడండి. ‘జోకులు వేస్తా’ అంటే ఇంకా నేర్చుకోవాల్సింది ఉందన్నమాట. తర్వాత రావాల్సిన పిల్లల డ్యాన్సును ముందుకు జరపడం, సభలో ఉన్న పెద్దవాళ్లను ఒక్కో నిమిషం మాట్లాడించడం, నిర్వాహకుడితో సైగల్లో నిర్ణయం తీసుకోవడం ఆ పనిలో భాగం. తన దగ్గర సిద్ధంగా పదిహేను నిమిషాల సరుకు ఉండాలి. అందులో మిమిక్రీ మూడు నిమిషాలు దాటకూడదు. ఒకే నటుడి గొంతును పదిసార్లు వింటే ఎవరికైనా విసుగే.

ఉచ్చారణకు రోజూ ఇరవై నిమిషాలు పత్రిక సంపాదకీయం పైకి చదివి రికార్డు చేసుకుని వినాలి. ళ–ల, ణ–న, శ–ష–స, ఒత్తులు ఎక్కడ జారుతున్నాయో పెన్సిలుతో గుర్తు పెట్టాలి. ఊపిరి కోసం ఒక సీస పద్యం చాలు. పాదం మధ్యలో శ్వాస తెగకుండా చెప్పగలిగితే రెండు గంటల సభకు గొంతు నిలుస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. యాంకరింగ్ అలవాట్లు కెమెరా ముందు నటనను పాడుచేస్తాయి. యాంకర్ లెన్స్‌లోకి చూడాలి, నటుడు చూడకూడదు. యాంకర్ ప్రతి వాక్యం చివర చిరునవ్వుతో గొంతు పైకెత్తుతాడు. అదే రాగంలో ‘అమ్మకు బాగాలేదు’ అన్నాడంటే ఆ ఆడిషన్ అక్కడితో సరి. నాటకం అలవాటు ఇంకో రకం: చివరి వరసకు వినపడాలని కనుబొమలు, చేతులు, గొంతు మూడూ ఒకేసారి పనిచేస్తాయి. క్లోజప్‌లో అదంతా ‘ఓవర్’ అయి కూర్చుంటుంది. దీనికి ఇంట్లోనే సాధన ఉంది. నాటికలోని ఒక పేజీ డైలాగును మూడుసార్లు ఫోన్లో తీయాలి. మొదటిది పందిట్లో చెప్పినట్టు, రెండోది ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పినట్టు, మూడోది అసలు మాట్లాడకుండా అవతలివాడి మాట వింటున్నట్టు. మూడోదాన్ని శబ్దం లేకుండా చూడండి. మొహంలో ఏమీ జరగకపోతే వినడం రాలేదన్నమాట. క్యారెక్టర్ ఆర్టిస్టు తెర మీద ఉన్న సమయంలో సగం పైగా వినడమే పని.

రెండూ కలిపి చేసినవాళ్లు లేకపోలేదు. ఝాన్సీ టీవీ యాంకర్‌గా పేరు తెచ్చుకుని క్యారెక్టర్ వేషాల్లోనూ నిలబడ్డారు. అనసూయ 2013లో ‘జబర్దస్త్’ యాంకర్‌గా ఇంటింటికీ తెలిశారు, 2018లో ‘రంగస్థలం’లో రంగమ్మత్త అయ్యారు. ఆ వేషంలో నూలు చీర, జుట్టు ముడి, యాస, నడక, ఏదీ టీవీ షోను గుర్తుచేయదు. మీవాడికి దీని అర్థం ఏమిటంటే: యాంకరింగ్ వీడియోలకు ఒక ఇన్‌స్టాగ్రామ్ పేజీ, నటన వీడియోలకు వేరే పేజీ. క్యాస్టింగ్ వాళ్లకు, అంటే వేషాలకు నటులను ఎంపిక చేసేవాళ్లకు, మొదటిది పంపొద్దు.

పంపాల్సినవి ఇవి. మేకప్ లేని ఫొటోలు నాలుగు: ఎదురుగా, కుడి పక్క, ఎడమ పక్క, నిలువెత్తు. గడ్డంతో, గడ్డం లేకుండా వేర్వేరుగా ఉంటే మరీ మంచిది. ముప్పై సెకన్ల పరిచయం: పేరు, వయసు, ఎత్తు, ఊరు, వచ్చిన భాషలు, యాసలు. తర్వాత ఒక్కోటి నిమిషం దాటని రెండు సన్నివేశాలు, ఒకదానికొకటి పోలిక లేనివి. ఫోన్‌ను కళ్ల ఎత్తున స్టాండు మీద అడ్డంగా పెట్టాలి. వెనక ఏమీ లేని గోడ, ఎదురుగా కిటికీ వెలుతురు, ఫ్యాను ఆపాలి. ఎదుటి డైలాగు చదివే మనిషి కెమెరా పక్కనే నిలబడి తక్కువ గొంతుతో చదవాలి. చాలా వీడియోల్లో చదివేవాడి గొంతే పెద్దగా వినపడుతుంది. హిట్ సినిమాలోని డైలాగు చేయొద్దు. చూసేవాళ్లకు అసలు నటుడే గుర్తొస్తాడు.

యాసల మీద ఒక మాట. సినిమాలు చూసి శ్రీకాకుళం, సీమ, తెలంగాణ యాసలు నేర్చుకుంటే అది కాపీకి కాపీ అవుతుంది. ఆ ఊళ్ల మనుషులతో గంటసేపు మాట్లాడి రికార్డు చేసుకోవాలి. పదాలకంటే ముందు వాక్యం ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ సాగుతుందో పట్టుకోవాలి.

చదువు సంగతి. ఏ డిగ్రీతోనైనా వెళ్లగల దారులున్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రెండేళ్ల ఎంపీఏ (మాస్టర్ ఆఫ్ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్) థియేటర్ ఆర్ట్స్ ఉంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాది మూడేళ్ల కోర్సు, బెంగళూరు కేంద్రంలో ఏడాది కోర్సు. అక్కడ నాటకాల్లో పనిచేసిన అనుభవం చూస్తారు కాబట్టి ఇప్పటినుంచే ప్రతి పరిషత్తు సర్టిఫికెట్, కరపత్రం, ఫొటో తేదీతో దాచమనండి. నా ఓటు హైదరాబాద్‌కు. చదువూ, సినిమా ఆడిషన్లూ ఒకే ఊళ్లో ఉంటాయి, మూడు నెలల కోర్సులకంటే ఖర్చూ తక్కువ.

కేంద్ర సంస్కృతి మంత్రిత్వ శాఖ యువ కళాకారులకు స్కాలర్‌షిప్ ఇస్తుంది: 18–25 ఏళ్ల వాళ్లకు, నెలకు 5,000 చొప్పున రెండేళ్లు. నాటకమూ అందులో ఉంది. గురువు దగ్గర గానీ సంస్థలో గానీ కనీసం ఐదేళ్లు నేర్చుకున్నట్టు ధ్రువపత్రం అడుగుతారు. ఇంటర్ మొదటి ఏడాది నుంచి లెక్కేస్తే మీవాడికి ఐదేళ్లు నిండుతున్నట్టే. వాడి నాటక దర్శకుడి దగ్గర ఇప్పుడే రాయించి పెట్టుకోండి. విజయవాడ ఆకాశవాణి నాటక ఆడిషన్‌కు, క్యాజువల్ అనౌన్సర్ పరీక్షకు ప్రకటన వెలువడితే రెండింటికీ దరఖాస్తు చేయించండి. డబ్బు కొద్దిగానే వస్తుంది, కానీ మైకు ముందు చేతులూ కనుబొమలూ లేకుండా గొంతుతోనే నటించడం అక్కడే అలవడుతుంది.

డబ్బు విషయంలో మొహమాటం పనికిరాదు. యాంకరింగ్‌కు సగం బుకింగ్ రోజునే, మిగతా సగం స్టేజి ఎక్కకముందు తీసుకోవాలి. దిగాక అడిగితే ‘రేపు ఫోన్‌పే చేస్తాం’ అంటారు, ఆ రేపు రాదు. ఎన్ని గంటలు, ప్రయాణం, బస, డ్రెస్సు ఎవరివో వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా ఉండాలి. సినిమాలో చిన్న వేషాలకు రోజుల లెక్కన ఇస్తారు. డబ్బింగ్ అయ్యేదాకా కొంత ఆపడం మామూలే. అందుకే డబ్బింగ్‌కు విడిగా ఇస్తారా, కలిపేనా అని ముందే అడగాలి. వేషాలు ఇప్పించే కోఆర్డినేటర్‌కు కమీషన్ వచ్చిన పారితోషికంలోంచి ఇవ్వాలి. వేషం రాకముందే రిజిస్ట్రేషన్ అనో, పోర్ట్‌ఫోలియో అనో, అసోసియేషన్ కార్డు అనో డబ్బడిగిన మనిషి దగ్గర్నుంచి వెనక్కి రావాలి. ఈవెంట్ కంపెనీలు టీడీఎస్ కింద, అంటే ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను కింద, సాధారణంగా పది శాతం కోస్తాయి. ఒకే కంపెనీ నుంచి ఏడాదికి లక్ష వస్తే పదివేలు అక్కడే ఆగిపోతాయి. వాడి మొత్తం ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోయినా రిటర్ను వేస్తేనే అవి తిరిగొస్తాయి. బీకాం చదివినవాడికి ఇది చెప్పక్కర్లేదనుకుంటాను గానీ, చాలామంది వదిలేస్తున్నారు.

ఆరోగ్య బీమా, ప్రమాద బీమా సొంతంగా ఉండాలి. నటుడు నూతన్ ప్రసాద్‌కు 1989లో షూటింగ్‌లో జరిగిన ప్రమాదంలో కాళ్లు చచ్చుబడ్డాయి. ఆ తర్వాత చక్రాల కుర్చీలోంచే నటించారు. అంతటి గొంతు, అంత పేరు ఉన్నాయి కాబట్టి పని అందింది. కొత్తవాడికి రెండు నెలలు మంచం పడితే అద్దె కట్టే దారి కూడా ఉండదు. హైదరాబాద్‌లో కృష్ణానగర్, యూసఫ్‌గూడ వైపు గది తీసుకునే ముందు ఆరు నెలల అద్దె, తిండి ఖర్చు బ్యాంకులో ఉండాలి. అదీ చదువో ఉద్యోగమో ఖాయమయ్యాకే. ఇన్‌స్టిట్యూట్‌కు కట్టబోయిన డబ్బు ఇందుకు పనికొస్తుంది.

ఇక మీ పదివేలు. కోర్సు ఇంకా మొదలు కాలేదు కాబట్టి చేరడం లేదని, డబ్బు తిరిగి ఇవ్వమని ఈమెయిల్‌లోనూ రిజిస్టర్డ్ పోస్టులోనూ ఈ వారమే రాయండి. రసీదు, వేషం గ్యారంటీ అన్న ప్రకటన, వాట్సాప్ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు జతచేయండి. ఆ ప్రకటన వాళ్లు తీసేసేలోపే దాచుకోండి. రసీదు మీద ‘తిరిగి ఇవ్వబడదు’ అని ఉన్నా అడగండి. పదిహేను రోజులు చూసి 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. ఇన్‌స్టిట్యూట్ హైదరాబాద్‌లో ఉన్నా మీరుండే జిల్లాలోనే వేసే వీలుంది, ఈ మొత్తానికి ఫీజు కూడా ఉండదు.